విట్బీలో అమ్మ తిన్న చిప్స్

మిడిల్స్‌బరో నుంచి విట్బీకి రోడ్డు మీద యాభై కిలోమీటర్లు. రైలెక్కితే గంటన్నర పడుతుంది. అయినా అమ్మని రైల్లోనే తీసుకెళ్ళాను. రెండు పెట్టెల డీజిల్ బండి. బాటర్స్‌బీ అనే చిన్న స్టేషన్‌కి వచ్చేసరికి పట్టాలు అయిపోతాయి. డ్రైవరు దిగి, భుజాన సంచీ తగిలించుకుని, ప్లాట్‌ఫారం మీద తాపీగా ఈ కొస నుంచి ఆ కొసకి నడిచి, అటు పెట్టెలో కూర్చుని బండిని ఇంకో దారిన తోలుకుపోతాడు.

"బండి తిరగక్కర్లేదన్నమాట, మనిషి తిరిగితే చాలు" అంది అమ్మ.

ఆస్పత్రి ఉద్యోగం కోసం నేను ఈ దేశం వచ్చి పద్నాలుగేళ్ళయింది. భీమిలి నుంచి మావాళ్ళు ఎవరొచ్చినా లండన్ కంటే ముందు విట్బీ చూపిస్తాను. లండన్‌లో చూపించేవన్నీ రాజుల ఇళ్ళు. వాటిని చూసి జనం "అబ్బో" అంటారు, ఫొటో తీసుకుంటారు, రాత్రికి మర్చిపోతారు. విట్బీలో ఏది చూడాలన్నా ముందు ఏదో ఒక తిండికొట్టు ముందు వరసలో నిలబడాలి. ఆ కొట్టు గోడ కాస్త గీకితే చాలు, పోయిన వ్యాపారం ఒకటి బయటపడుతుంది. ఇంగ్లండ్ నాకు కాస్తో కూస్తో అర్థమైంది ఆ వరసల్లోనే.

పైగా ఊరు చూడగానే మావాళ్ళకి కొత్త పోతుంది. మనకి భీమిలిలో గోస్తని సముద్రంలో కలిసినట్టే ఇక్కడ ఎస్క్ నది కలుస్తుంది. మనకి కొండ మీద నరసింహస్వామి ఉన్నట్టే, ఇక్కడ తూర్పు కొండ మీద పాడుబడిన మఠం ఉంది. మనకి డచ్చివాళ్ళ సమాధులున్నాయి, వీళ్ళకి కొండమీది చర్చి చుట్టూ ఉప్పుగాలికి అక్షరాలు కరిగిపోయిన సమాధిరాళ్ళున్నాయి. రెండూ ఒకప్పుడు ఓడలొచ్చిన రేవులు. ఇప్పుడు రెండూ ఆదివారం జనం వచ్చి, తిని, పోయే ఊళ్ళు.

పడమటి ఒడ్డున పియర్ రోడ్ అని ఒక వీధి ఉంది. ఒక పక్క చేపల రేవు, ఇంకో పక్క వరసగా ఫిష్ అండ్ చిప్స్ కొట్లు. వాటిలో పేరు మోసింది మాగ్‌పై కేఫ్. నల్ల గీతల తెల్ల మేడ, 18వ శతాబ్దంలో ఓ వర్తకుడు కట్టుకున్న ఇల్లు. దాని మెట్ల మీద ఎండాకాలం ఎప్పుడు చూసినా జనం బారులు తీరి ఉంటారు. అదే వీధిలో క్వేసైడ్ అని ఇంకోటి ఉంది. దేశం మొత్తంలో మేలైన ఫిష్ అండ్ చిప్స్ కొట్టని 2014లో బహుమానం కొట్టింది. నాకు దాని మీద మోజు వేరే కారణానికి. 1890లో ఆ భవనం గ్రంథాలయం. ఆ వేసవిలో బ్రామ్ స్టోకర్ అనే నాటకశాల మేనేజరు సెలవుకి ఈ ఊరొచ్చి, అందులో కూర్చుని, రుమేనియా ప్రాంతాల గురించి విల్కిన్సన్ అనే కాన్సుల్ 1820లో అచ్చు వేసిన పుస్తకం తిరగేశాడు. అందులో ఒక పేరు తగిలింది. కాగితం మీద రాసుకున్నాడు. ఆ పేరు డ్రాకులా. ఏడేళ్ళ తర్వాత వచ్చిన ఆ నవలలో రక్తపిశాచి ఇంగ్లండ్ నేల మీద కాలుపెట్టేది ఈ ఊళ్ళోనే, కుక్క రూపంలో. ఇప్పుడు అదే గోడల మధ్య హాడక్ చేప వేగుతోంది. ఏడాదికి రెండుసార్లు నల్ల కోట్లు, తెల్ల పౌడరు మొహాలతో వేషగాళ్ళు ఊరు నిండా దిగుతారు. వాళ్ళూ ఈ కొట్ల ముందే వరసలో నిలబడి, బఠాణీలు ఎక్కువ వేయమని అడుగుతారు.

ఇంతకీ తిండి. ఫిష్ అండ్ చిప్స్ అంటే మనకి తెలిసిన పనే. మిరపకాయ బజ్జీకి పిండి కలుపుతాం చూశారూ, శనగపిండి బదులు మైదా, వాము కారం ఏమీ లేకుండా. దాంట్లో ముల్లు తీసిన చేప ముక్కని, జానెడు పైన ఉండే ముక్కని, ముంచి వేయిస్తారు. పక్కన వేలెడు లావు బంగాళాదుంప ముక్కలు. ఇంకో పక్క ఆకుపచ్చటి బఠాణీ ముద్ద. రాత్రంతా వంటసోడా వేసి నానబెట్టి, మెత్తగా ఉడికించిన ఎండు బఠాణీలు. విశాఖ ఆర్కే బీచ్‌లో బండి మీద అమ్మేది ఇదే, కాకపోతే ఉల్లిపాయ, నిమ్మకాయ, కారం అన్నీ మర్చిపోయి అమ్మితే ఎలా ఉంటుందో అలా. బాండీలో విడిగా రాలి వేగిన పిండి పలుకుల్ని ఇక్కడ స్క్రాప్స్ అంటారు. తెలిసినవాళ్ళు అడిగి వేయించుకుంటారు. అమ్మకి అన్నిటికంటే అవే నచ్చాయి.

దీన్ని ఇంగ్లీషువాళ్ళు తమ జాతీయ వంట అంటారు గానీ, పిండిలో ముంచి చేపని వేయించడం స్పెయిన్, పోర్చుగల్ నుంచి పారిపోయి వచ్చిన యూదులు లండన్‌కి తెచ్చిన విద్య. దుంప దక్షిణ అమెరికాది. రెండింటినీ ఒక కొట్లో పెట్టి మొదట అమ్మింది లండన్లో జోసెఫ్ మాలినా, లాంకషైర్‌లో జాన్ లీసా అని ఇప్పటికీ తగువే. ఇద్దరిదీ 1860ల నాటి మాట. మిల్లుల్లో రోజంతా పనిచేసి వచ్చిన ఆడవాళ్ళకి ఇంటికెళ్ళి పొయ్యి రాజేసే ఓపిక ఉండేది కాదు. ఆవిరి పడవలు దూరం పోయి చేప తెచ్చాయి, రైళ్ళు దాన్ని మర్నాటికల్లా ఊరూరా దించాయి, వీధి మొగలో వేడివేడిగా దొరికింది. రెండో ప్రపంచ యుద్ధంలో మాంసం, వెన్న, పంచదార, టీ, ఆఖరికి జామ్ కూడా రేషన్ పెట్టిన ప్రభుత్వం చేపా చిప్స్ జోలికి మాత్రం పోలేదు. కూలీల కడుపు మాడితే యుద్ధం సాగదని దొరలకీ తెలుసు.

మేం ఏ కొట్లో కొన్నామో చెప్పను. పొట్లాలు పట్టుకుని రేవుగట్టు మీద బెంచీ చూసుకున్నాం. సీగల్ పక్షులకి తిండి పెట్టొద్దని బోర్డులున్నాయి. వాటికి మనం పెట్టక్కర్లేదు. ఒకటి నా భుజం మీదుగా దూకి చేప ముక్క సగం పట్టుకుపోయింది. మన కాకి నయం, కాస్త మొహమాటపడుతుంది.

"ఏ నూనె ఇది? కమ్మగా ఉంది" అంది అమ్మ.

"ఏదో నూనెలే" అన్నాను.

అనేశాక తలెత్తి చూస్తే కొట్టు అద్దం మీద పెద్దక్షరాల్లో కనబడింది, బీఫ్ డ్రిప్పింగ్‌లో వేయించినవని. గర్వంగానే రాసుకున్నారు. అంటే పశువు కొవ్వు కరిగించి తీసింది. ఇంగ్లండ్ దక్షిణాదిన చాలాచోట్ల నూనె వాడతారు. యార్క్‌షైర్‌లో మాత్రం డ్రిప్పింగ్ లేకపోతే చిప్స్ చిప్సే కావంటారు. ఈ సంగతి నాకు తెలియక కాదు. మొదటి ఏడాది తెలియక తిన్నాను, తర్వాత తెలిసే తింటున్నాను. అమ్మ పక్కన ఉండగా గుర్తు రాకపోవడమే నా తప్పు. అప్పటికే ఆవిడ సగం పైగా తినేసింది. మిగిలినవి మనవడికని పొట్లం కట్టి సంచీలో పెట్టుకుంది. నేను నోరు మెదపలేదు.

మాట మార్చడానికి చేప గురించి మొదలుపెట్టాను. "ఇది ఈ రేవు చేపేనా?" అని అమ్మే అడిగింది మరి. ఎదురుగా పడవలున్నాయి, వాటి మీద ఎండ్రకాయల బుట్టలు పేర్చి ఉన్నాయి. కానీ ఈ దేశపు కొట్లలో వేగే కాడ్, హాడక్ చేపల్లో చాలా భాగం ఐస్లాండ్, నార్వే వైపు చల్లటి నీళ్ళలో పట్టినవి. దాని వెనక ఒక యుద్ధం ఉంది. నిజానికి మూడు. ఐస్లాండ్ చుట్టూ సముద్రంలో ఇంగ్లీషు పడవలు తరాల తరబడి చేప తోడుకున్నాయి. 1958లో ఐస్లాండ్ తన సరిహద్దు పన్నెండు మైళ్ళకి పెంచింది, 1972లో యాభైకి, 1975లో రెండు వందలకి. బ్రిటన్ యుద్ధనౌకల్ని పంపింది. ఐస్లాండ్‌కి సైన్యమే లేదు, జనం రెండు లక్షల పైచిలుకు. వాళ్ళ కాపలా పడవలు ఒక కొక్కేన్ని నీళ్ళలో లాక్కుంటూ ఇంగ్లీషు వలల వెనగ్గా పోయేవి. వల తాడు తెగేది, ఖరీదైన వల చేపతో సహా అడుక్కి పోయేది. నౌకలు ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి కూడా. చివరికి ఐస్లాండ్ తన గడ్డ మీదున్న నాటో స్థావరం సంగతి ఎత్తేసరికి 1976లో బ్రిటన్ తలవంచింది. హల్, గ్రిమ్స్‌బీ రేవుల్లో వేలమంది పనులు పోయాయి. సముద్రాలు ఏలామని చెప్పుకున్నవాళ్ళు చేప కోసం ఓ చిన్న దీవి దగ్గర ఓడిపోయిన కథ ఇక్కడి వాళ్ళు పెద్దగా చెప్పుకోరు. అమ్మకి మాత్రం ఆ కొక్కెం సంగతి రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

నదికి అడ్డంగా ఓ తిరుగుడు వంతెన ఉంది. పడవ వస్తే గంట కొట్టి, మనుషుల్ని ఆపి, రెండు ముక్కలుగా పక్కకి తిప్పేస్తారు. అది దాటితే పాత ఊరు. అక్కడ గ్రేప్ లేన్ అనే సందులో జాన్ వాకర్ అనే ఓడల యజమాని ఇల్లుంది. 1746లో ఆయన దగ్గర పని నేర్చుకోడానికి చేరిన కుర్రాడు జేమ్స్ కుక్, మా మిడిల్స్‌బరో పక్క మార్టన్‌లో పుట్టినవాడు. వాకర్ దగ్గర నేర్చుకున్నది బొగ్గు పడవలు నడపడం. తర్వాత కుక్ పసిఫిక్ మహాసముద్రానికి తీసుకెళ్ళిన ఎండెవర్ కూడా ఈ ఊళ్ళో కట్టిన బొగ్గు ఓడే. తిండి మాట వచ్చింది కాబట్టి ఇంకోటి. స్కర్వీ రోగం రాకుండా నావికుల చేత పులిసిన క్యాబేజీ తినిపించాలని కుక్ చూశాడు. ఎవరూ ముట్టలేదు. దాన్ని రోజూ అధికారుల బల్ల మీద వడ్డించమని, మిగతావాళ్ళు తింటే తినండి లేకపోతే లేదని ఊరుకున్నాడు. వారం తిరక్కుండా అందరికీ అదే కావాల్సి వచ్చింది. పిల్లలకి కాకరకాయ తినిపించే తల్లులకి ఈ ఉపాయం కొత్తేమీ కాదు.

అదే ఒడ్డున హెన్రియెట్టా వీధి చివర ఫార్చ్యూన్స్ వారి పొగగూడు. 1872 నుంచి ఒకే కుటుంబం నడుపుతోంది. వాసన ముందొస్తుంది, కొట్టు తర్వాత కనబడుతుంది. హెరింగ్ అనే వెండిరంగు చేపని వీపు వైపు నుంచి చీల్చి, పుస్తకంలా తెరిచి, ఉప్పునీళ్ళలో నానబెట్టి, కొక్కేలకి తగిలించి, కింద ఓక్, బీచ్ కర్రపొట్టు పొగబెడతారు. గంటల తరబడి ఆ పొగ పట్టి చేప ఇత్తడి రంగుకి తిరుగుతుంది. దాన్నే కిప్పర్ అంటారు. గూడు లోపలి గోడలు నూటయాభై ఏళ్ళ పొగ గడ్డకట్టి తారులా నల్లగా మెరుస్తుంటాయి. అమ్మ లోపలికి తొంగి చూసి, "మనం ఎండకి పెడతాం, వీళ్ళకి ఎండ లేదు కదా, పాపం" అంది. ఇంతకంటే బాగా దీన్ని నేనెక్కడా చదవలేదు.

ఒకప్పుడు వేసవి పోయే రోజుల్లో హెరింగ్ మందలు ఈ తీరం వెంబడి ఉత్తరం నుంచి దక్షిణానికి దిగేవి. వాటి వెనకే పడవలు, పడవల వెనకే స్కాట్లండ్ ఆడపిల్లలు. వేళ్ళకి గుడ్డపీలికలు చుట్టుకుని, చిన్న కత్తితో చేప కడుపు చీల్చి, ఉప్పు చల్లి పీపాల్లో పేర్చడం వాళ్ళ పని. రేవు నుంచి రేవుకి తిరిగేవాళ్ళు. తర్వాత వలలు పెద్దవయ్యాయి, చేప చిన్నదయింది. 1977లో ఉత్తర సముద్రంలో హెరింగ్ పట్టడమే ఆపేశారు. మళ్ళీ మొదలయ్యేసరికి పని తెలిసినవాళ్ళు లేరు. ఇప్పుడు ఈ గూట్లో పొగబెట్టే చేప బయటినుంచి వస్తుంది. పొగ మాత్రం ఊరిదే.

కిప్పర్ల వాసన నాకు ఒక పాత కోపాన్ని గుర్తు చేస్తుంది. వచ్చిన కొత్తలో అద్దింట్లో ఎండు నెత్తళ్ళు వేయించాను. పక్కింటాయన తలుపు కొట్టి, డ్రైనేజీ ఏమైనా పగిలిందా అని మర్యాదగా అడిగాడు. సిగ్గుతో రెండేళ్ళు ఆ పని చేయలేదు. తర్వాత ఓ ఆదివారం ఉదయం ఆయనింట్లోంచి అంతకు రెట్టింపు కంపు వస్తే తెలిసింది, అది ఫలహారమట. వాసన ఇల్లంతా పట్టకుండా ఇంగ్లీషువాళ్ళు కిప్పర్‌ని కూజాలో నిలబెట్టి మరిగే నీళ్ళు పోసి మూతపెడతారు. ఆ ఉపాయం నాకు చెప్పింది కూడా ఆయనే.

అక్కణ్ణుంచి మఠానికి 199 మెట్లు. అమ్మ మోకాళ్ళకి భయపడ్డాను గానీ, సింహాచలం మెట్లెక్కిన మనిషి, నాకంటే ముందెక్కింది. పైన గాలి మాట వినపడనివ్వదు. ఈ మఠాన్ని 657 నుంచి హిల్డ్ అనే రాచకుటుంబపు స్త్రీ నడిపింది. మగా ఆడా సన్యాసులందరికీ ఆవిడే పెద్ద. 664లో ఇక్కడ జరిగిన సభ గురించి బళ్ళో చెబితే ఎవరికీ బుర్రకెక్కదు, ఈస్టర్ ఏ రోజు చేసుకోవాలని పండితులు వాదించుకున్నారంటారు. అమ్మకి నేను వంటింటి వైపు నుంచి చెప్పాను. రాజు ఓస్వియుది ఐరిష్ సన్యాసుల పంచాంగం. రాణిది కెంట్ నుంచి తెచ్చుకున్న రోమ్ పంచాంగం. కొన్నేళ్ళు ఏమయ్యేదంటే, రాజు ఉపవాసాలు ముగించి పండగ భోజనానికి కూర్చునేవాడు, అదే ఇంట్లో రాణి ఇంకా ఉపవాసంలో ఉండేది.

"స్మార్తులకి ఒక ఏకాదశి, వైష్ణవులకి ఒకటి. ఒకే ఇంట్లో పడ్డారు" అంది అమ్మ.

సరిగ్గా అంతే. రాజు రోమ్ వైపు మొగ్గాడు. ఇంగ్లండ్ చర్చి ఆ తర్వాత దాదాపు తొమ్మిది వందల ఏళ్ళు రోమ్ మాట విన్నది. ఎనిమిదో హెన్రీ ఆ బంధం తెంపుకున్నాక 1539లో ఈ మఠాన్నీ మూసేశారు.

ఇదే మఠంలో ఇంకో భోజనం కథ ఉంది, నాకు అన్నిటికంటే ఇష్టమైనది. విందుల్లో తిన్నాక వీణలాంటి వాద్యం చేతులు మారేది, ఎవరి దగ్గరికి వస్తే వాళ్ళు పాడాలి. కాడ్‌మన్ అనే పశువుల కాపరికి పాట రాదు. వాద్యం తన వైపు వస్తుంటే లేచి పశువుల పాకలోకి పోయేవాడు. అంత్యాక్షరిలో తన వంతు వచ్చేసరికి మంచినీళ్ళకని లేచేవాళ్ళు ప్రతి ఇంట్లో ఒకరుంటారు. అలా ఓ రాత్రి పాకలో పడుకుంటే కలలో ఎవరో పాడమన్నారు. సృష్టి గురించి పాడాడు. పొద్దున్నే హిల్డ్ దగ్గరికి తీసుకెళ్ళారు, ఆవిడ మఠంలో చేర్చుకుంది. ఈ కథ రాసిపెట్టింది బీడ్ అనే సన్యాసి. పేరు తెలిసిన ఇంగ్లీషు కవుల్లో మొదటివాడు ఈ కాపరే. తొమ్మిది పంక్తులు మిగిలాయి. ఇంత పెద్ద సాహిత్యానికి మొదలు, పంక్తిలోంచి లేచిపోయిన ఒక మొహమాటస్థుడు.

దిగి వచ్చి స్కిన్నర్ వీధిలో బోథమ్స్ బేకరీలో నిమ్మ బన్ను కొన్నాం. 1865లో ఎలిజబెత్ బోథమ్ అనే ఆవిడ మొదలుపెట్టింది. మీద దట్టంగా పంచదార పూత. దాని గురించి చెప్పడానికి ఇంకేం లేదు, బాగుంటుంది. ఇండియన్ రెస్టారెంట్ల మాటా ఇక్కడే తేల్చేస్తాను. ఈ దేశంలో ఆ బోర్డు కింద వండేవాళ్ళలో ఎక్కువమంది బంగ్లాదేశ్‌లోని సిల్హెట్ నుంచి వచ్చినవాళ్ళు. ఇంగ్లీషు ఓడల్లో పొయ్యిలు మండించిన లాస్కర్లనే నావికులు ఆ దారి తొక్కారు. వాళ్ళ కథ వేరే రాయాలి.

ఓడలంటే గుర్తొచ్చింది. లైఫ్‌బోట్ మ్యూజియంలో అమ్మ ఒక బోర్డు ముందు ఆగిపోయింది. 1914 అక్టోబరు 30, శుక్రవారం, తెల్లారకముందే రోహిల్లా అనే ఓడ ఈ ఊరి పక్కన సాల్ట్‌విక్ రాళ్ళకి కొట్టుకుంది. గాయపడ్డ సైనికుల్ని తేవడానికి డంకర్క్ వెళ్తున్న ఆస్పత్రి ఓడ. ఒడ్డున నిలబడితే మనుషులు కనిపించేంత దగ్గర. తెడ్ల పడవ ఒకటి రెండుసార్లు వెళ్ళి కొందరిని తెచ్చింది, ఆ తర్వాత అలలు దగ్గరికి రానివ్వలేదు. ఊరి జనం నడుంలోతు నీళ్ళలో నిలబడి ఈదుకొచ్చినవాళ్ళని లాగారు. ఆదివారం తెల్లారాక టైన్‌మౌత్ నుంచి వచ్చిన మోటారు పడవ చివరివాళ్ళని దింపింది. 229 మందిలో ఎనభైకి పైగా పోయారు. ఈ విషాదమంతా చదివి, బోర్డు మీద ఓడ కంపెనీ పేరు చూపించి అమ్మ అడిగింది ఒక్కటే. "బ్రిటిష్ ఇండియా స్టీమ్ అంటే, మన బీఐ కంపెనీయేనా?"

అదే కంపెనీ. కళింగపట్నం, భీమిలి, విశాఖ, కాకినాడ రేవుల్లో ఆగి మనవాళ్ళని రంగూన్, అదే రంగం, చేర్చిన స్టీమర్లు వాళ్ళవే. అమ్మ వాళ్ళ తాత బీఐ ఓడెక్కే రంగం వెళ్ళాడు, బియ్యం మిల్లులో కూలీకి. ఏడేళ్ళుండి వచ్చాడు. మా ఇంట్లో రంగం పెట్టె అని ఓ టేకు పెట్టె ఉండేది, అంతవరకే నాకు తెలుసు.

తిరుగు బండి బాటర్స్‌బీలో ఆగినప్పుడు చెప్పేశాను. ఏ కొవ్వో, బోర్డు ఎప్పుడు చూశానో, అన్నీ. అమ్మ కిటికీలోంచి చూస్తూ ఉండిపోయింది.

"నువ్వు తింటున్నావా ఇవి?"

"తింటున్నాను. పద్నాలుగేళ్ళుగా."

డ్రైవరు సంచీ భుజాన వేసుకుని మా కిటికీ పక్కనుంచే నడిచి వెళ్ళాడు.

"రంగంలో మా తాత ఏం తిన్నాడో మాకెవరైనా చెప్పారా ఏటి" అంది. సంచీలోంచి పొట్లం తీసి, నా ఒళ్ళో పెట్టి, చేతులు తుడుచుకుంది.